ప్యూటా క్రీక్ డైరీ: డ్యామ్ కింది వాగులోకి సాల్మన్ తిరిగి రావాలంటే

ఇలాంటి పనికి దిగాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. మొదట్లో మాకున్న ఉత్సాహం సంగతి వదిలేస్తున్నాను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఏది పనిచెయ్యలేదు, ఏం కొలిచాం, ఏ పనిముట్టు కావాలి, ఏది ఎందుకు మార్చాం అన్నవే ఇక్కడుంటాయి.

ముందే ఒక మాట. కాలిఫోర్నియాలో వాగు అడుగును కదిలించాలన్నా, సాల్మన్‌ని (వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వాగుకే తిరిగొచ్చే చేపని) ముట్టుకోవాలన్నా రాష్ట్ర మత్స్య శాఖ అనుమతి ఉండాలి. మేం చేసినదంతా అనుమతి ఉన్న జీవశాస్త్రవేత్తల వెంట వాలంటీర్లుగా చేసినదే. సొంతంగా పార పట్టుకుని వాగులోకి దిగకండి. మీకు తెలియకుండానే గుడ్లు తొక్కేస్తారు.

దశ 1: నీళ్ల లెక్క

ప్యూటా క్రీక్ ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో పుట్టి, వింటర్స్, డేవిస్ ఊళ్ల పక్కగా పారి, యోలో బైపాస్ పల్లపు భూముల్లోకి చేరుతుంది. 1957లో దీని మీద మాంటిసెల్లో డ్యామ్ పూర్తయింది. ఎత్తు 304 అడుగులు. వెనకున్న బెరియెస్సా సరస్సులో 16 లక్షల ఎకరా-అడుగుల నీళ్లు పడతాయి. మన లెక్కలో అది దాదాపు 70 టీఎంసీలు. దానికి కొన్ని మైళ్ల దిగువన చిన్న డైవర్షన్ డ్యామ్ ఒకటుంది. నీళ్లు కాలువలోకి మళ్లి సోలానో కౌంటీ పొలాలకీ ఊళ్లకీ వెళ్లేది అక్కడినుంచే. సాల్మన్ ఈ రెండో డ్యామ్ దాటి పైకి పోలేదు. అందుకే పనంతా దాని కిందున్న సుమారు 23 మైళ్లలోనే.

1980ల చివర్లో కరువొచ్చినప్పుడు ఈ కింది భాగం చాలా దూరం ఎండిపోయింది. స్థానికులు ప్యూటా క్రీక్ కౌన్సిల్‌గా ఏర్పడి కోర్టుకెళ్లారు. డేవిస్ నగరం, అక్కడి యూనివర్సిటీ కూడా వాళ్లతో నిలబడ్డాయి. డ్యామ్ యజమాని దిగువనున్న చేపలు బాగుండేంత నీళ్లు వదలాలని రాష్ట్ర చట్టంలోని 5937వ సెక్షన్ చెబుతుంది. 1996లో కోర్టు నీళ్లు పెంచమంది. అప్పీళ్ల తర్వాత 2000 మే నెలలో రాజీ ఒప్పందం కుదిరింది. వాగు బాగోగులు చూడ్డానికి ఒక ఉద్యోగిని పెట్టాలని కూడా అందులో రాశారు. నా దృష్టిలో ఆ ఒప్పందంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. నీళ్లు వదలమని రాయించుకోవడం ఒక ఎత్తు, నిజంగా వదిలారో లేదో రోజూ చూసే మనిషి ఉండటం ఇంకో ఎత్తు.

ఒప్పందంలో మాకు పనికొచ్చే అంకెలు రెండు:

1. నవంబర్ 15కీ డిసెంబర్ 15కీ మధ్య, వరసగా 5 రోజులు, వాగు చివర 50 క్యూసెక్కులు పారాలి. సాల్మన్‌కి ఇదే పిలుపు.
2. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి లోపు, డైవర్షన్ డ్యామ్ నుంచి 3 రోజులు: 150, 100, 80 క్యూసెక్కులు. ఇది స్థానిక చేపలు గుడ్లు పెట్టే కాలానికి.

నీళ్ల లెక్క, ఇప్పటివరకు: శరదృతువులో 0.0216 టీఎంసీ, వసంతంలో 0.0285 టీఎంసీ. మొత్తం 0.05 టీఎంసీ. దారిలో ఇంకిపోయేది దీనికి అదనం, ఏడాది పొడవునా పారాల్సిన కనీస ప్రవాహం వేరు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. అలాంటి అంకెలు వింటూ పెరిగిన మనకు 50 క్యూసెక్కులు నీళ్లలాగే అనిపించవు. కానీ సరైన వారంలో వదిలితే ఆ 50కే సముద్రం నుంచి చేప వెనక్కి వస్తుంది.

గేజ్ లేనిచోట ప్రవాహం కొలవడానికి మేం చేసింది:

1. వాగు తిన్నగా పారే 10 మీటర్లకు రెండు వైపులా తాడు కట్టాం.
2. నారింజ పండు వదిలి, టైమ్ చూశాం: 14 సెకన్లు.
3. పైన పారే వేగం అడుగున ఉండదు కాబట్టి 0.85తో గుణించాం: సెకనుకు 0.61 మీటర్లు.
4. వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు. సెకనుకు 1.46 ఘనపు మీటర్లు, అంటే 51 క్యూసెక్కులు.

ప్లాస్టిక్ సీసా, ఎండు కొమ్మ వాడకండి. గాలి వాటిని పక్కకు నెడుతుంది. నారింజ చాలావరకు మునిగి తేలుతుంది, అది నీటితోనే పోతుంది.

దశ 2: గునపం దిగని కంకర

ఒప్పందం తర్వాత ముందు కోలుకున్నవి స్థానిక చేపలు. డేవిస్ యూనివర్సిటీ (యూసీ డేవిస్) ప్రొఫెసర్ పీటర్ మోయిల్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో అది స్పష్టంగా ఉంది. సాల్మన్ మాత్రం అరకొరగానే వచ్చాయి. నీళ్లున్నాయి, చల్లగానే ఉన్నాయి. తేడా ఎక్కడో అడుగున ఉంది.

ఈ వాగుకొచ్చే సాల్మన్ రకం పేరు చినూక్. ఆడ చినూక్ తోకతో కంకరను కొట్టి గుంట తవ్వుతుంది. సుమారు 5,000 గుడ్లు పెట్టి, మళ్లీ కంకరతోనే కప్పేస్తుంది. పులస కూడా సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేపే, దానికీ ధవళేశ్వరం ఆనకట్ట అడ్డమే. అయితే పులస గుడ్లను కంకరలో పాతిపెట్టదు. సాల్మన్‌కి మాత్రం కంకర కదలాలి, రాళ్ల సందుల్లోంచి నీళ్లు పారాలి. లేదంటే గుడ్లకు ఊపిరాడదు.

డ్యామ్ కింద కంకర గట్టిపడటానికి మూడు కారణాలు కలిశాయి. పైనుంచి కొత్త కంకర రాదు, అది సరస్సు అడుగునే ఆగిపోతుంది. అడుగును తిరగేసే పెద్ద వరదలు తగ్గిపోయాయి. డ్యామ్ కింద కలిసే పిల్లవాగులు మాత్రం బురద, సన్న ఇసుక తెచ్చి పోస్తూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి అదంతా రాళ్ల మధ్య కూరుకుపోయి సిమెంటు వేసినట్టు అయిపోయింది.

పరీక్షకు కావలసినవి: గునపం, అడుగు లేని బకెట్, 1 మిల్లీమీటరు జల్లెడ, కొలత గీతలున్న సీసా.

1. మోకాలి లోతు లోపల, రాళ్ల మీద నీళ్లు గలగల పారే చోటు చూసుకోండి.
2. గునపం నిలువుగా పట్టి, శరీరం బరువుతో నొక్కండి. కొట్టకండి.
3. ఎంత దిగిందో రాయండి. మోగి ఆగిపోతే అదీ రాయండి.
4. అడుగు లేని బకెట్‌ను కంకరలో తిప్పుతూ దింపి, లోపలున్నది తవ్వి తీయండి.
5. నీళ్లలో జల్లించి, కిందికి దిగిన సన్నదాన్ని సీసాలో పోసి, తేరుకున్నాక ఎంతుందో కొలవండి.

మా చోట మొదటి కొలత: గునపం రెండంగుళాల దగ్గరే ఆగింది. తీసిన కంకరలో నాలుగో వంతుకు పైగా సన్న ఇసుక, బురదే.

చేత్తో పారలు పట్టి ఒక చిన్న ముక్క వదులు చేసి చూశాం. అది నిలవలేదు. లేచిన బురద అక్కడే కాస్త కిందికి దిగి, పక్క కంకరలో కూర్చుంది. నాలుగు గజాలు బాగుచేసి ఎనిమిది గజాలు పాడుచెయ్యడమే అది. పార పని ఇక్కడ పనికిరాదని అప్పుడే వదిలేశాం.

పనిచేసింది యంత్రం. అధికారికంగా చేసిన పనిలో ఎక్స్‌కవేటర్ బకెట్ పళ్లతో అడుగును గీరి, పొరను పగలగొట్టి, కంకర తిరగేశారు. మా వంతు ముందూ తర్వాతా కొలవడం. అందులో గమనించినవి:

1. పని ఎగువ నుంచి దిగువకు సాగాలి. కింది నుంచి మొదలుపెడితే, పై ముక్కలోంచి లేచిన బురద అప్పుడే బాగుచేసిన చోట దిగుతుంది.
2. సాల్మన్ ఎక్కక ముందే పూర్తి కావాలి. కంకర కింద గుడ్లు ఉన్నాక ఎవరూ అడుగుపెట్టకూడదు.
3. ఒకసారి చేస్తే సరిపోదు. వర్షాకాలం దాటాక గునపం మళ్లీ వేసి చూస్తే, పిల్లవాగు కలిసే చోటుకు కింద తగ్గింది, పైన అలాగే ఉంది. మరుసటి ఏడు ముందు చూడాల్సింది ఆ కింది ముక్కనే.

గునపం లెక్క, ఇప్పటివరకు: ముందు 2 అంగుళాలు. గీరాక 12. వర్షాకాలం తర్వాత పిల్లవాగుకు పైన 11, కింద 7.

దశ 3: డిగ్రీ-రోజులు

చినూక్ గుడ్లకు నీళ్లు సుమారు 13 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. ఎప్పుడు పొదుగుతాయో రోజుల్లో చెప్పలేం, వేడిని కూడబెట్టి చెప్పాలి. రోజు సగటు ఉష్ణోగ్రతలు కలుపుకుంటూ పోతే 480 దగ్గర గుడ్డు పగులుతుంది. 900 దాటాక పిల్ల కంకరలోంచి పైకొస్తుంది. ఈ లెక్క లేకపోతే, ఏ తేదీ దాకా వాగులో నడవకూడదో మీకు తెలియదు.

నీటి ఉష్ణోగ్రతను దానంతటదే నమోదు చేసే లాగర్‌ను మొదట ఒడ్డు దగ్గర రాయికి కట్టాం. మధ్యాహ్నాల్లో అంకెలు అనుమానంగా పెరిగాయి. ఎండ నేరుగా తగిలి నీటికన్నా లాగరే వేడెక్కుతోంది. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టంలో పెట్టి, చెట్టు నీడలో, పారే నీళ్లలోకి మార్చాక ఆ మధ్యాహ్నపు ఎగుళ్లు పోయాయి. పాత డేటా మొత్తం పక్కన పెట్టాం. వాగులో వేసేముందు ప్రతి లాగర్‌నీ ఐసు కలిపిన నీళ్లలో ఉంచి సున్నా చూపిస్తోందో లేదో చూడండి.

నవంబర్ 25న గుడ్ల గుంట కనిపించిన చోట:

నవంబర్ చివరికి: 72
డిసెంబర్ చివరికి: 397
జనవరి 9: 483, పొదిగే సమయం
జనవరి చివరికి: 692
ఫిబ్రవరి 20: 902, పిల్లలు పైకొచ్చే సమయం

మార్చి మొదటి వారం దాకా ఆ ముక్కకు తాడు కట్టి, ఎవరినీ దిగనివ్వలేదు. చేపలు పట్టడానికి వచ్చేవాళ్లకు ఈ అంకెలు చూపిస్తే ఒప్పుకుంటారు. ఊరికే బోర్డు పెడితే పట్టించుకోరు.

దశ 4: పలకలు, తెల్లవారుజామున ఆక్సిజన్

వాగు చివర, యోలో బైపాస్‌లో లాస్ రియోస్ చెక్ డ్యామ్ అని చిన్న అడ్డుకట్ట ఉంది. వేసవిలో చెక్క పలకలు పెట్టి పొలాలకు, తడి భూములకు నీళ్లు నిలుపుతారు. పలకలు తీసేదాకా సాల్మన్‌కి దారి లేదు. అంటే 304 అడుగుల డ్యామ్ మీద ఎంత గొడవపడ్డా, చేప లోపలికి వస్తుందా రాదా అన్నది నవంబర్‌లో ఈ కాసిని పలకలే తేలుస్తాయి.

2021 సీజన్ మా అందరికీ పెద్ద దెబ్బ. వాగులోకి వచ్చిన సాల్మన్ చాలావరకు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయాయి. నీటిలో ఆక్సిజన్ పడిపోయింది. తొలి పెద్ద వాన ఎండాకాలమంతా పేరుకున్న ఆకునీ కుళ్లునీ వాగులోకి కడిగేస్తుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్ పీల్చేస్తాయి. నీళ్లు నిలిచి ఉన్న చోట ఇది ఇంకా ఘోరం. వాగు నీటి వాసన పట్టుకుని వచ్చిన చేప సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది.

ఇక్కడ అందరికీ చెప్పాల్సిన విషయం, కొలిచే వేళ. మధ్యాహ్నం మీటర్ ముంచితే లీటరుకు 9 మిల్లీగ్రాములు చూపించింది, అంతా బాగున్నట్టే. అదే చోట సూర్యుడు రాకముందు కొలిస్తే 4 కూడా లేదు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తిరిగి పీలుస్తుంది. చేప చచ్చేది తెల్లవారుజామున. మధ్యాహ్నపు కొలతలు ఎన్ని ఉన్నా దాన్ని పట్టుకోలేవు.

మార్చిన పద్ధతి:

1. కొలత ఎప్పుడూ పొద్దు పొడవక ముందే.
2. అడుగుకు జానెడు పైన ఒకటి, ఉపరితలం కింద ఒకటి. రెండూ రాయాలి.
3. మీటర్‌ను ప్రతిసారీ తడి గుడ్డ చుట్టిన మూతలో వంద శాతానికి సరిచెయ్యాలి.
4. తొలి వాన తర్వాత వరసగా రోజూ కొలవాలి. 5 కన్నా తగ్గితే అప్పటికప్పుడు ఫోన్.
5. పలకలు తీసే తేదీ, పల్స్ (ఆ 5 రోజుల 50 క్యూసెక్కులు) వదిలే తేదీ, ఆక్సిజన్ అంకె ఒకే కాగితం మీద ఉండాలి. మూడూ మూడు చోట్ల ఉంటే, చెడ్డ నీళ్లలోకే చేపను పిలిచే ప్రమాదం ఉంది.

ఆ ఐదోది నాకు ప్రాణం. డైవర్షన్ డ్యామ్ దగ్గర వదిలిన నీళ్లు వాగు చివరికి వెంటనే రావు. పైన ఈరోజు గేటు ఎత్తారని కింద ఈరోజే నీళ్లు తాజాగా ఉంటాయనుకోకూడదు.

దశ 5: చచ్చిన చేపల లెక్క

చినూక్ గుడ్లు పెట్టాక చనిపోతుంది. కాబట్టి లెక్కంతా కళేబరాలతోనే. పడవలో మెల్లగా దిగువకు వస్తూ ఒడ్డునా గుంటల్లోనూ వెతకాలి.

1. పొడవు కొలవండి, ఆడా మగా రాయండి.
2. ఆడదైతే పొట్ట కోసి చూడండి. నిండా గుడ్లుంటే అది పెట్టకుండానే చచ్చింది. ఆ సీజన్ ఎలా గడిచిందో ఈ ఒక్క వివరమే చెబుతుంది.
3. వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క ఉందో, కోసి ఉందో చూడండి.
4. తల తీసి సంచిలో వెయ్యండి. చీటీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా తడిస్తే పోతుంది.
5. మిగిలిన దాన్ని నడుమ రెండుగా కోసి అక్కడే వదలండి. వచ్చే వారం వచ్చేవాళ్లు దాన్ని మళ్లీ లెక్కపెట్టకూడదు. ఇంటికి తేవద్దు, అది వాగుకు ఎరువు.

పని అయ్యాక వేడర్లు (నీళ్లలో దిగేటప్పుడు వేసుకునే తడవని ప్యాంట్లు), బూట్లు ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టాలి. ఈ వాగులో 2003 నుంచి న్యూజిలాండ్ బురద నత్త ఉంది. ఆవగింజంత నత్త ఒక్కటి బూటుకు అంటుకుని ఇంకో వాగులోకి వెళ్లినా అక్కడ సంతతి మొదలవుతుంది. కడిగి ఆరబెడితే చాలదు, తడి మిగిలిన అతుకుల్లో అది బతికే ఉంటుంది.

వచ్చిన చేపల లెక్క, సుమారుగా:

2013: 8
2014: 200
2015: 500
2016: 1,500

నాలుగేళ్లు కలిపితే 2,200 పైన. ఈ అంకెలు పేపర్లలో వచ్చినప్పుడు వాగు గెలిచిందని అందరూ రాశారు. ఆ సంబరం నాకూ కావాలి. కానీ సుమారు మూడేళ్లకు తిరిగొచ్చి, ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోయే చేప ఎనిమిది నుంచి పదిహేను వందలు ఎలా అయింది? ఇక్కడ పుట్టిన పిల్లలతో అది సాధ్యం కాదు.

దశ 6: చెవిరాయి

సమాధానం హ్యాచరీలు, అంటే చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రాలు. కరువు ఏళ్లలో నదులు వేడెక్కి పిల్లలు చచ్చిపోతాయని, హ్యాచరీ పిల్లల్ని లారీల్లో తీసుకెళ్లి సముద్రం వైపు వదిలారు. నది గుండా ఈదకుండా వెళ్లిన పిల్లకు తిరిగొచ్చే దారి సరిగ్గా గుర్తుండదు. అలాంటివి తప్పిపోయి, నవంబర్‌లో చల్లటి నీళ్లు పారుతున్న ఈ వాగులోకి వచ్చేశాయి.

రెక్క చూసి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పలేం. కాలిఫోర్నియా నడుమనున్న సెంట్రల్ వ్యాలీలో, శరదృతువులో ఎదురెక్కే చినూక్ హ్యాచరీ పిల్లల్లో సుమారు నాలుగో వంతుకే రెక్క కోసి, ముక్కులో కోడ్ ఉన్న సన్న తీగ పెడతారు. మిగతా మూడు వంతులకు పైకి కనిపించే గుర్తేదీ ఉండదు. రెక్క ఉన్న చేపనల్లా హ్యాచరీది కాదు, వాగులో పుట్టిందే అని రాస్తే రిపోర్టు మొత్తం తప్పవుతుంది. కొత్త వాలంటీర్ల షీట్లలో ముందు సరిచెయ్యాల్సి వచ్చేది ఇదే.

అందుకే తలలు దాచమన్నది. చేప చెవి లోపల చిన్న సున్నపు రాయి ఉంటుంది. చెట్టు కాండంలా దాంట్లో ఏటికేడు పొరలు పెరుగుతాయి. ఏ నీళ్లలో పెరిగితే ఆ నీళ్లలోని స్ట్రాన్షియం అనే మూలకం నిష్పత్తి ఆ పొరలో నిలిచిపోతుంది. యూసీ డేవిస్ పరిశోధకులు ఆ రాళ్లు కోసి చూస్తే చాలావరకు హ్యాచరీల నుంచి తప్పిపోయి వచ్చినవే. తర్వాతి అధ్యయనంలో మాత్రం, ఈ వాగులోనే పుట్టి, సముద్రానికెళ్లి, ఇక్కడికే తిరిగొచ్చినవి కొన్ని దొరికాయి. సంఖ్య చిన్నది. నాకు 1,500 కన్నా ఆ కొన్నే ఎక్కువ. గీరిన కంకర, సమయానికి తీసిన పలకలు, 50 క్యూసెక్కులు కలిసి పనిచేశాయనడానికి రుజువు అవే.

హ్యాచరీ చేపలు రావడం చెడ్డదని నేననను. ఖాళీ వాగుకు విత్తనం ఎక్కడినుంచో రావాలి. కాలిఫోర్నియాలో 2023, 2024, 2025 మూడేళ్లూ వాణిజ్య సాల్మన్ వేట మూసేశారంటే, విత్తనం అన్నిచోట్లా ఎంత పలచబడిందో ఊహించుకోండి. కాకపోతే ఏటా బయటి చేపలే వచ్చి నిండితే, ఈ వాగుకు అలవాటు పడిన వంశం తయారయ్యే అవకాశం తగ్గుతుంది. కాబట్టి మా షీట్‌లో పై గడి మార్చాం. ముందు 'వచ్చినవి' అని ఉండేది. ఇప్పుడు 'ఇక్కడ పుట్టినవి' పైన, 'వచ్చినవి' కింద. మొదటి గడి నిండడానికి ల్యాబ్ ఫలితం రావాలి. అది ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా అలాగే ఉంచాలని నిర్ణయించుకున్నాం.

వచ్చే సీజన్‌కి

1. గునపం పరీక్ష ఆగస్టులో, పిల్లవాగు కింది ముక్క నుంచి మొదలు.
2. ఆక్సిజన్ లాగర్ ఒకటి చెక్ డ్యామ్ దగ్గర రాత్రింబవళ్లు ఉండేలా. మనిషి తెల్లవారుజామున వెళ్లి కొలిచే పద్ధతి నిద్ర చాలని రోజుల్లో తప్పుతోంది.
3. లాగర్ గొట్టాలకు ఇనుప గొలుసు. నైలాన్ తాడు రాళ్లకు రాసుకుని తెగుతోంది.
4. తలల సంచుల కోసం విడిగా ఫ్రీజర్. వేడర్లతో కలిపి పెట్టొద్దు.
5. ఈ ఫిబ్రవరిలో పైకొచ్చిన పిల్లలు రెండు నుంచి నాలుగేళ్లలో తిరిగొస్తాయి. ఈ ఏటి గుంటల జాబితా, తేదీలు, డిగ్రీ-రోజులు అప్పటిదాకా రెండు చోట్ల దాచాలి. కాగితం మీద ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి.